వైద్యునికి చదువు ముగియదు

వ్యాధులలో వచ్చి పోయేవి కొన్ని, వచ్చి ఉండిపోయేవి కొన్ని. జ్వరం వస్తుంది, నాలుగు రోజులు మందు పడగానే తగ్గుతుంది. ఎముక విరుగుతుంది, కట్టు కడితే అతుకుతుంది. ఇటువంటి సందర్భాలలో రోగికీ వైద్యునికీ ఉండే సంబంధం కొద్ది దినాలది. మధుమేహం, రక్తపుపోటు, ఉబ్బసం, కీళ్ళవాతం, గుండె నీరసించడం వంటివి ఆ జాతికి చెందినవి కావు. ఒకసారి గడప దాటి లోపలికి వచ్చిన తరువాత ఇవి ఇంటిమనిషివలె ఉండిపోతాయి. వీటి సంగతి మన ప్రాచీనులు ఎరుగకపోలేదు. చరకసంహితలో వ్యాధులను సుఖసాధ్యాలని, కృచ్ఛ్రసాధ్యాలని, యాప్యాలని, అసాధ్యాలని విభజించారు. యాప్యమంటే పూర్తిగా పోదు. కాని పథ్యంతో, ఔషధంతో అదుపులో ఉంచుకొని జీవితం గడుపుకోవచ్చు. మందు మానితే మళ్ళీ తల ఎత్తుతుంది. ఈనాడు మనం దీర్ఘవ్యాధులని పిలిచేవాటికి ఇంతకంటె చక్కని మాట దొరకడం కష్టం.

యాప్యవ్యాధి ఉన్న రోగికి వైద్యుడు ఇరవై, ముప్ఫై ఏండ్ల సహచరుడు. నలభయ్యవ ఏట రక్తపుపోటు పట్టుకున్న మనిషి డెబ్బయ్యవ ఏటికి కూడా దానితోనే ఉంటాడు. ఈ ముప్ఫై ఏండ్లలో వ్యాధి పేరు మారదు. రోగి వయస్సు మారుతుంది. అన్నిటికంటె వేగంగా మారేది ఆ వ్యాధిని గురించి లోకానికి ఉన్న జ్ఞానం. అటువంటప్పుడు వైద్యుడు ఏ చదువుతో వైద్యం చేస్తున్నాడన్న ప్రశ్న పుడుతుంది. కళాశాలలో ఎన్నడో చదివిన చదువుతోనా, లేక ఈనాటి చదువుతోనా? ఇది వైద్యులు తమలో తాము తేల్చుకోవలసిన విషయం, మనకెందుకు అని శ్రోతలు అనుకోవచ్చు. కాని ఆ చదువులోని లోటుకు వెల చెల్లించేది మన ఇళ్ళలోని తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కనుక ఇది మన విషయం కూడా.

మొదట రక్తపుపోటు కథనే తీసుకుందాం. ఇరవయ్యవ శతాబ్దం సగం గడిచేవరకు పెద్ద పెద్ద వైద్యులలో సైతం ఒక అభిప్రాయం ఉండేది. వయస్సు మీరిన కొద్దీ నాళాలు ఇరుకై గట్టిపడతాయి, ఆ నాళాలలో రక్తం ప్రవహించాలంటే పోటు హెచ్చక తప్పదు, కాబట్టి హెచ్చిన పోటు శరీరానికి ఆవశ్యకమే అని వారు భావించేవారు. కారణం తెలియని రక్తపుపోటుకు ‘ఎసెన్షియల్’ అనే విశేషణం ఉండేది. భావం పోయినా పేరు మాత్రం నేటికీ పుస్తకాలలో నిలిచి ఉన్నది.

ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షుడుగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును 1944 మార్చిలో ఒక హృద్రోగ నిపుణుడు పరీక్షించినప్పుడు ఆయన రక్తపుపోటు 186, 108గా ఉన్నది. ఆయనకు ఉప్పు తగ్గించారు, విశ్రాంతి తీసుకోమన్నారు, గుండెకు డిజిటాలిస్ ఇచ్చారు, నిద్రకు మందు ఇచ్చారు. అంతకు మించి చేయగలిగినది ఆనాటి వైద్యశాస్త్రం చేతిలో ఏమంతగా లేదు. 1945 ఏప్రిల్ 12న ఆయన మెదడులో రక్తనాళం చిట్లి మరణించారు. ఆ సమయంలో పోటు 300 దాటి ఉన్నట్లు ఆ వైద్యుడే తరువాత ప్రకటించిన వృత్తాంతంలో ఉన్నది. ప్రపంచంలోకెల్ల బలవంతమైన దేశానికి అధిపతి అయిన వ్యక్తికి లభించిన వైద్యమే అది. అక్కడ వైద్యులు అశ్రద్ధ చేశారనడానికి వీలు లేదు. తెలిసినంతా చేశారు, తెలిసినది చాలలేదు.

తరువాత ఇరవై రెండేండ్లకు, 1967లో, అమెరికా మాజీ సైనికుల వైద్యశాలలలో ఎడ్వర్డ్ ఫ్రీస్ నాయకత్వాన జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడినవి. తీవ్రమైన రక్తపుపోటు ఉన్న 143 మంది పురుషులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి పోటు తగ్గించే మందులు, మరొక వర్గానికి చూపులకు అటువంటివే అయిన ఉత్త మాత్రలు ఇచ్చారు. ఉత్త మాత్రలు మింగిన వర్గంలో 27 తీవ్రమైన ఉపద్రవాలు కలిగినవి. మందు తీసుకున్న వర్గంలో రెండే కలిగినవి. 1970లో అంత తీవ్రం కాని పోటు ఉన్నవారిలో కూడా మందు మేలు చేస్తుందని అదే బృందం చూపినది. అంతవరకు ‘వయస్సుతోపాటు వచ్చేదేలే’ అని వదిలివేసిన దానిని అటుపైన తప్పక చికిత్స చేయవలసిన వ్యాధిగా పరిగణించవలసి వచ్చినది.

ఇప్పుడు 1955లో పట్టం పుచ్చుకున్న ఒక వైద్యుని ఊహించుకోండి. బుద్ధిమంతుడు, కష్టపడి చదివినవాడు. పరీక్షలో ఆయన వ్రాసిన జవాబుకు మంచి మార్కులు వచ్చినవి. 1970 తరువాత అదే జవాబు ప్రకారం వైద్యం చేస్తే ఆయన రోగికి పక్షవాతం రావచ్చు. ఆయన మరచిపోయినది ఏమీ లేదు. సరిగా జ్ఞాపకం పెట్టుకున్నందువల్లనే ప్రమాదం! మరపువల్ల వచ్చే పొరపాటును అవతలివారు కనిపెట్టగలరు. జ్ఞాపకంవల్ల వచ్చే పొరపాటు జ్ఞానంవలె కనిపిస్తుంది. వైద్యుని నిత్యవిద్యలో ఉన్న చిక్కంతా ఇక్కడ ఉన్నది.

కొత్త విషయాలు చేర్చుకోవడం ఒక్కటే అయితే పని కొంత సులభంగానే ఉండేది. పాత విషయాలను విడిచిపెట్టడం అంతకంటె కష్టం. గుండెపోటు వచ్చి బ్రతికిన కొందరిలో నాడి మధ్యమధ్య తప్పుతూ ఉంటుంది. అలా తప్పేవారికి హఠాన్మరణం వచ్చే అవకాశం హెచ్చు. కాబట్టి నాడిని సరిచేసే మందు ఇస్తే ప్రాణం నిలుస్తుందని ఎవరికైనా తోస్తుంది. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు నాడిని నిజంగానే సరిచేసినవి. వైద్యుడు గుండె చిత్రం తీసి చూస్తే తప్పే దెబ్బలు తగ్గినట్లు కంటికి కనిపించేది. రోగి సంతోషించేవాడు, వైద్యుడు సంతోషించేవాడు. 1980ల చివర అమెరికాలో ఈ మందులను ఉత్త మాత్రలతో పోల్చి పరీక్షించారు. 1989లో ఆ పరీక్షలో ఈ రెండు మందుల భాగాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చినది. 1991లో ప్రకటించిన లెక్కల ప్రకారం మందు తీసుకున్న 755 మందిలో 63 మంది మరణించారు; ఉత్త మాత్రలు తీసుకున్న 743 మందిలో 26 మంది మరణించారు. నాడి బాగుపడినది, మనిషి పోయినాడు. ఒక్కొక్క వైద్యుడు తన గదిలో కూర్చుండి తన అనుభవంతో ఈ సత్యాన్ని ఎన్నటికీ కనిపెట్టలేడు. ఆయన రోగులలో ఎవరైనా మరణిస్తే, గుండెజబ్బు మనిషి, పాపం అనుకుంటాడు. వందలమంది లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే తప్ప తేలని సత్యాలు ఇవి.

దీనికి సరిగా ఎదురుగా నడిచిన కథ మరొకటి ఉన్నది. బీటా నిరోధకాలనే మందులు గుండె వేగాన్ని, బలాన్ని తగ్గిస్తాయి. అందువల్ల నీరసించిన గుండెకు వాటిని ఇవ్వరాదని వైద్యవిద్యార్థులకు కొన్ని దశాబ్దాలపాటు నేర్పారు. పరీక్షలో ఇవ్వవచ్చునని వ్రాసినవాడు తప్పేవాడు. స్వీడన్ దేశపు వైద్యులు 1970లలోనే కొద్దిమందికి కొద్ది మోతాదుతో ఇచ్చి చూసి మేలు కలుగుతున్నదని చెప్పినా, లోకం వెంటనే నమ్మలేదు. 1999లో ఐరోపాలో 2647 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితం ప్రకటించారు. ఉత్త మాత్రల వర్గంలో నూటికి 17 మందికి పైగా మరణించగా, బైసోప్రొలాల్ అనే బీటా నిరోధకం తీసుకున్న వర్గంలో నూటికి 12 మంది లోపే మరణించారు. ఇవ్వరాదన్న మందే ఇవ్వవలసిన మందు అయినది. అయితే అందులోనూ ఒక మెలకువ ఉన్నది. మొదట అతి కొద్ది మోతాదుతో ఆరంభించి, వారాల తరబడి మెల్లమెల్లగా పెంచవలె. తొందరపడితే కీడు కలుగుతుంది. అంటే మందు పేరు వార్తాపత్రికలో చదివి తెలుసుకుంటే చాలదు. వాడే విధానాన్ని దగ్గర కూర్చుండి నేర్చుకోవలె.

ఈ సందర్భంలో తెలుగువారు గర్వంతో తలచుకోవలసిన ఒక మందు సంగతి చెప్పవలసి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలోను, తరువాత లెడర్లీ పరిశోధనాలయంలోను పనిచేసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేశారు. దానికి విరోధంగా పనిచేసే పదార్థాలను కూడా ఆ పరిశోధనాలయమే తయారు చేసినది. వాటిలో ఒకదానితో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ పిల్లలలోని రక్తపు క్యాన్సరును కొంతకాలమైనా అణచగలిగినట్లు 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ కుటుంబానికి చెందినదే మెథోట్రెక్సేట్.

క్యాన్సరుకు పుట్టిన ఈ మందు కాలక్రమాన కీళ్ళవాతానికి కూడా ప్రధానమైన ఔషధమైనది. 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థ దానిని అందుకు ఆమోదించినది. చేతివ్రేళ్ళు వంకర తిరిగి మంచం పట్టవలసిన లక్షలమంది దీనివల్ల తమ పని తాము చేసుకుంటున్నారు. అయితే కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్కరోజు, కొద్ది మోతాదులో మాత్రమే వాడవలె. తక్కిన మాత్రలవలె రోజూ మింగితే ఎముకలలోని మజ్జ దెబ్బతింటుంది, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. వ్రాసే వైద్యుడో, ఇచ్చే మందుల దుకాణదారో, మింగే రోగియో ‘వారానికి’ అన్నదానిని ‘రోజుకు’ అని పొరబడడంవల్ల మరణాలు సంభవించిన ఉదంతాలు అనేక దేశాలలో నమోదైనవి. మందు దుష్ఫలితాలు తగ్గించడానికి దానితోపాటు ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కూడా ఇస్తారు. విరోధులైన రెండింటినీ ఒకే పరిశోధనాలయం తయారు చేస్తే, ఒకే మందులచీటీలో అవి ప్రక్కప్రక్కన నిలుస్తున్నవి! ఇంతటి మందును లోకానికి ఇచ్చిన మేధ ఎంత గొప్పదైనా, ఊరి చివర వైద్యుని చేతిలో దాని విధానం సరిగా పడితేనే అది అమృతం. లేకపోతే విషం.

‘వేయిమందిని చంపినవాడు అరవైద్యుడు’ అని మనలో ఒక సామెత ఉన్నది. హాస్యానికి అన్నా, అందులో ఒక నమ్మకం దాగి ఉన్నది. అనుభవమే వైద్యుని తయారు చేస్తుందని దాని భావం. హస్తవాసి అనే మాట కూడా అటువంటిదే. తల నెరసిన వైద్యుడంటే మనకు గురి ఎక్కువ. ఆ గురి నిష్కారణమైనది కాదు. రోగి ముఖం చూసి లోపలి భయాన్ని పసిగట్టడం, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తొందరపడాలో గ్రహించడం అనుభవంతోనే వస్తాయి. కాని అనుభవం ఒక్కటే చాలునా అని హార్వర్డు వైద్య పరిశోధకులు ఆరా తీశారు. వైద్యులు వృత్తిలో గడిపిన సంవత్సరాలకు, వారి వైద్యపు నాణ్యతకు గల సంబంధాన్ని పరిశీలించిన 62 అధ్యయనాలను కూడగట్టి 2005లో వారు ఫలితం ప్రకటించారు. వాటిలో సగానికి పైగా అధ్యయనాలలో, ఏండ్లు గడిచిన కొద్దీ వైద్యుని జ్ఞానమో, నిర్ణీతమైన చికిత్సావిధానాన్ని పాటించడమో తగ్గుతూ వచ్చినట్లు తేలినది. ఇది ఏ ఒక్క పెద్దవైద్యుని గురించిన తీర్పూ కాదు. డెబ్బై ఏండ్ల వయస్సులో కూడా కొత్త పుస్తకం తెరిచి కూర్చునేవారు ఉన్నారు. ముప్ఫై ఏండ్లకే చదువు కట్టిపెట్టినవారూ ఉన్నారు. అనుభవం దానంతట అది చదువుకు బదులు కాలేదని మాత్రమే దీని సారాంశం. కత్తికి పిడి అరిగి చేతికి అమరవచ్చు. అంచుకు మాత్రం సాన కావలసిందే.

మరి వైద్యులు ఎట్లా నేర్చుకోవలె? సభ పెట్టి, వేదికపై ఒక ప్రముఖుని నిలబెట్టి, దీపాలార్పి తెరపై బొమ్మలు చూపుతూ రెండు గంటలు ఉపన్యాసం ఇప్పించడం అందరికీ తెలిసిన పద్ధతి. దీనివల్ల ఎంత ప్రయోజనం కలుగుతున్నదో కెనడా పరిశోధకుడు డేవ్ డేవిస్ బృందం పరిశీలించి 1999లో ప్రకటించినది. ఉత్త ఉపన్యాసాలు విన్నంతమాత్రాన వైద్యుల పద్ధతులు మారిన జాడ కనిపించలేదు. ప్రశ్నలు అడిగి, వాదించి, తమ రోగుల సంగతులు చర్చించి, చేసి చూసి నేర్చుకున్న చోట మార్పు కనిపించినది. ఉపన్యాసాలు ప్రసారం చేసే వృత్తిలో ఉన్న మావంటివారికి ఇది కొంచెం కటువుగా తోచినా, సత్యం సత్యమే.

ఈ సంగతి కూడా చరకసంహితకు కొత్త కాదు. వైద్యుడు తోటి వైద్యునితో సంభాషించవలెనని అందులో విమానస్థానంలో విధించారు. దానికి తద్విద్యసంభాష అని పేరు. అటువంటి సంభాషణవల్ల జ్ఞానం వృద్ధి పొందుతుందని, విన్నదానిలోని సందేహాలు తీరుతాయని, మాట నేర్పు అలవడుతుందని అక్కడ చెప్పారు. అందులో స్నేహభావంతో జరిగేది, పంతంతో జరిగేది అని రెండు విధాలు. మొదటిదానిలో ఓడిపోతానన్న భయం లేకుండా అడగవచ్చు, తెలిసినది దాచకుండా చెప్పవచ్చు.

ఆ స్నేహసంభాషణకు ఈ కాలంలో ఒక చక్కని ఉదాహరణ అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో దొరుకుతుంది. అది విశాలమైన ఎడారి ప్రాంతం. ఊళ్ళు దూరదూరంగా ఉంటాయి. అక్కడి విశ్వవిద్యాలయంలో కాలేయ నిపుణుడు డాక్టర్ సంజీవ్ అరోరా. ఆయన మన దేశంలో పుణె సైనిక వైద్యకళాశాలలో చదివినవారు. హెపటైటిస్ సి అనే దీర్ఘవ్యాధితో వచ్చే రోగులు ఆయన దర్శనానికి ఎనిమిది నెలలు వేచి ఉండవలసి వచ్చేది. వందల మైళ్ళు ప్రయాణం చేసి రావలసి ఉండేది. 2003లో ఆయన ఒక ఏర్పాటు చేశారు. రోగులను తన వద్దకు రప్పించడానికి బదులు, మారుమూల వైద్యులను వారానికొకసారి దూరదర్శన సాధనాలతో ఒక్కచోట చేర్చారు. ఒక్కొక్క వైద్యుడు తన రోగి సంగతి పేరు చెప్పకుండా విన్నవిస్తాడు. నిపుణులు, తక్కిన వైద్యులు ప్రశ్నలు వేస్తారు, సలహా ఇస్తారు. చికిత్స చేసేది మాత్రం ఆ ఊరి వైద్యుడే. దానికి ప్రాజెక్ట్ ఎకో అని పేరు పెట్టారు.

ఈ విధంగా నేర్చుకున్న పల్లెటూరి వైద్యులు, కారాగారాలలోని వైద్యులు చేసిన చికిత్సను విశ్వవిద్యాలయ నిపుణుల చికిత్సతో పోల్చి చూశారు. మొత్తం 407 మంది రోగులు. 2011లో ప్రకటించిన ఫలితం ప్రకారం విశ్వవిద్యాలయంలో నూటికి 57.5 వంతుల మందికి నయమైతే, ఊళ్ళలో 58.2 వంతుల మందికి నయమైనది. అంటే రెండూ సమానమే. తరువాత మూడేండ్లు గడవకుండానే నోటితో మింగే కొత్త మందులు వచ్చి, నూటికి తొంభైమందికి పైగా నయమయ్యే స్థితి ఏర్పడినది. అంత శ్రమపడి నేర్చుకున్న పాత చికిత్స అట్టే కాలం నిలువలేదు. కాని ఆ వైద్యులు వారంవారం కలుసుకొనే అలవాటు నిలిచి ఉన్నది గనుక, కొత్తదానిని అందుకోవడం వారికి కష్టం కాలేదు. నేర్చిన పాఠం కంటె నేర్చుకొనే అలవాటు ఎక్కువకాలం పనికివస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన దేశానికి వద్దాం. 2017లో భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమం మొదట ఐదు రాష్ట్రాలలో ఆరంభమైనది. వాటిలో తెలంగాణ ఒకటి. అందులో పాటించిన సూత్రం సరళమైనది. ఏ మందుతో ఆరంభించవలె, ఎంత మోతాదు, నెల తరువాత పోటు తగ్గకపోతే ఏమి చేర్చవలె అన్నది ఒక్క కాగితం మీద వరుసగా వ్రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఇచ్చారు. వైద్యులతోపాటు నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు పోటు సరిగా కొలవడం నేర్పారు. ఎవరి పోటు అదుపులోకి వచ్చినది, ఎవరు మళ్ళీ రాలేదు అన్నది పుస్తకంలోకి ఎక్కించే ఏర్పాటు చేశారు. ఇది కూడా వైద్యవిద్యే. తన రోగులలో ఎందరికి పోటు తగ్గినదో మూడు నెలలకొకసారి లెక్క చూసుకొనే వైద్యునికి ఆ లెక్కే గురువు.

ఇక నియమాల సంగతి. వైద్యుల ప్రవర్తన గురించి 2002లో భారత వైద్యమండలి చేసిన నిబంధనలలో, ప్రతి వైద్యుడూ ఐదేండ్లలో కనీసం 30 గంటలు ఇటువంటి విద్యాకార్యక్రమాలలో పాల్గొనవలెనని ఉన్నది. ఆ మండలి స్థానంలో 2020 నుండి జాతీయ వైద్య కమిషన్ పనిచేస్తున్నది. ఐదేండ్లకు 30 గంటలంటే ఏడాదికి ఆరు గంటలు. దినానికి వందమంది రోగులను చూసే ప్రాథమిక కేంద్రపు వైద్యునికి ఆ ఆరు గంటలు కూడా భారమే. ఆయన పట్టణానికి పోతే ఆనాడు కేంద్రంలో వైద్యుడు ఉండడు. కాని హాజరు పుస్తకంలో సంతకం చేసి, భోజనం చేసి వచ్చిన గంటలు చదువుగా లెక్కకు వస్తే ఆరు అయినా అరవై అయినా ఒక్కటే. నియమం గంటలను లెక్కించగలదు. నేర్చుకున్నాడా లేదా అన్నది రోగి శరీరంలో తేలవలసిందే.

మరొక చిక్కు ఉన్నది. ఈ సభలకు డబ్బు ఎవరు పెడుతున్నారు? చాలా చోట్ల మందుల కంపెనీలే. మందు తయారు చేసినవాడు మందును గురించి చెప్పే పాఠంలో నిజం లేదని అనలేము; కాని ఏ నిజం ముందు చెప్పవలె, ఏది వెనుక ఉంచవలె అన్నది అతని లాభాన్ని బట్టి ఉంటుంది. పాతదై చౌకగా దొరికే మంచి మందును గురించి సభ పెట్టేవారు ఎవరూ ఉండరు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మందుల వ్యాపార ప్రచారానికి ఒక ప్రవర్తనా నియమావళి వెలువరించినది. వైద్యులకుగాని, వారి కుటుంబీకులకుగాని కానుకలు ఇవ్వరాదని, వైద్యవిద్యా సభలను విదేశాలలో జరుపరాదని అందులో ఉన్నది. మంచిదే. అయితే కంపెనీలు తప్పుకున్న చోట ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, వైద్యసంఘాలు ముందుకు రాకపోతే ఆ పీట ఖాళీగా ఉండిపోతుంది. వైద్యుని చదువుకయ్యే ఖర్చు వైద్యుని సొంత ఖర్చు కాదు, ప్రజారోగ్యపు ఖర్చు అని గుర్తించవలె.

చివరకు మన పాత్ర ఏమిటి? ఇంటిలో రేడియో పెట్టుకొని ఈ మాటలు వింటున్నవారు వైద్యశాస్త్రం చదవనక్కరలేదు. కాని వైద్యుని చదువుకు మన ప్రవర్తన తోడ్పడవచ్చు, అడ్డు రావచ్చు. మన ఎదుట పుస్తకం తెరిచి మోతాదు సరిచూసుకొనే వైద్యుని చూసి, ‘ఈయనకేమీ రాదు’ అని మరొకరి దగ్గరకు పోతే, ఆయన ఇక మన ఎదుట పుస్తకం తెరవడు. ఇంకొక నిపుణుని అడిగి రేపు చెబుతానన్న వైద్యుని చులకన చేస్తే, ఆయన అడగడం మానివేస్తాడు. తెలియదని చెప్పగలిగిన వైద్యుడు మనకు దొరికితే అది అదృష్టమని భావించవలె.

ఇక దీర్ఘవ్యాధి ఉన్న ఇంట చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. వాడుతున్న మందులన్నింటి చీటీలను, పరీక్షల కాగితాలను ఒక్కచోట దాచి ప్రతిసారీ వైద్యునికి చూపవలె. ఏడాదికి ఒకసారైనా, ‘ఈ మందు ఇంకా అవసరమేనా? మోతాదు మార్చవలసి ఉన్నదా?’ అని మర్యాదగా అడగవలె. ఏదైనా మందు వారానికొకసారి వాడవలసినది అయితే, ఆ వారం పేరును చీటీ మీద స్పష్టంగా వ్రాయించుకోవలె. మన అంతట మనం మందు మానడం, పక్కింటివారి మందు తెచ్చి వాడడం మాత్రం పనికిరాదు. ఈ ప్రసంగంలో చెప్పిన మందుల పేర్లు కూడా వైద్యునితో మాట్లాడడానికేగాని, దుకాణంలో అడగడానికి కావు.

యాప్యవ్యాధికి మందు ఆగకూడదని మన పూర్వులు చెప్పారు. మందు ఆగితే వ్యాధి తిరిగి లేస్తుంది. అదే సూత్రం వైద్యుని విద్యకు కూడా వర్తిస్తుంది. రోగి రోజూ మాత్ర మింగవలసినట్లే, ఆ మాత్ర వ్రాసే వైద్యుడు రోజూ కొంత చదవవలె, కొంత అడగవలె, కొంత విడిచిపెట్టవలె. ఇద్దరిలో ఎవరు మానినా నష్టపోయేది మాత్రం ఒక్కరే.